మిట్టమధ్యాహ్నం చీకటిగది

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. అది ఇరవై నాలుగేళ్ళుగా ఉంది కాబట్టి దాన్ని ఫిర్యాదు అనడం కన్నా కాపురం అనడమే సబబు. ఆయన తప్పు చేయరు. ఒకవేళ చేసినా, అది తప్పు కాదు.

పెళ్ళయిన కొత్తలో ఓ కార్తీక సోమవారం, రావివలస ఎండల మల్లికార్జునస్వామిని చూసొద్దామని పలాసలో పాసింజరు ఎక్కాం. నౌపడాలో దిగి టెక్కలి వైపు బస్సు పట్టుకోవాలి. ఎదురుగా కూర్చున్న పెద్దాయనతో గ్రహణాల మీద వాదనలో పడి, ఈయన నౌపడాని కిటికీలోంచే సాగనంపేశారు. చివరికి హరిశ్చంద్రపురంలో దిగాం. "కావాలనే దిగాను. ఈ స్టేషను నువ్వు చూడలేదు కదా," అన్నారు. నిజం కోసం రాజ్యం వదులుకున్న రాజుగారి పేరు రాసిన బోర్డు కింద నిలబడి, రెప్ప వేయకుండా. తిరుగు బండికి మూడు గంటలు టైముంది. స్టేషను చాలా బాగా చూశాను.

ఆయన తిరుమలరావు మాస్టారు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతారు. మా ఊరు పలాసకీ సముద్రానికీ మధ్యన, కొబ్బరి తోటల్లో ఉంటుంది. అమ్మాయి హాస్టల్లో చదువుకుంటోంది కాబట్టి ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు సన్యాసమ్మ.

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. రెండేళ్ళ క్రితం అది మా గడప కూడా తొక్కింది. డయాలసిస్‌కని వారానికి మూడుసార్లు ఆసుపత్రి మంచం మీద పడుకోవడం కన్నా ఇంట్లోనే సంచి పెట్టుకుంటానంది అత్తమ్మ. పొట్టలోకి ఒక సన్నటి గొట్టం వేశారు. రోజుకి నాలుగుసార్లు ఆ గొట్టం గుండా లోపలి నీళ్ళు బయటికి తీసేసి, సంచిలోని కొత్త మందునీళ్ళు లోపలికి ఎక్కించుకోవాలి. మేం దాన్ని 'సంచి మార్చడం' అంటాం. బడి మొహం చూడని మనిషి, డెబ్బై ఏళ్ళ వయసు. నర్సమ్మ మూడుసార్లు చూపిస్తే నాలుగోసారి నర్సమ్మ తప్పే ఈవిడ పట్టుకుంది.

దానికో పద్ధతుంది. దుమ్ము రాకుండా తలుపులూ కిటికీలూ మూయాలి. ఫ్యాను ఆపాలి. ముక్కుకి మాస్కు కట్టుకుని, మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కోవాలి. సంచిని ముందుగానే ఒక చిన్న కరెంటు పరుపు మీద పెట్టి ఒంటి వేడికి తేవాలి. బయటికి తీసిన నీళ్ళు తేటగా ఉన్నాయో లేదో లైటు వెలుగులో చూసుకోవాలి. అంటే బయట మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండ మండిపోతున్నా, కరెంటు లేకపోతే ఆ గదిలో చీకటే.

ఈ జనవరిలో మా ఆయన డాబా మీద ఆరు సోలార్ ప్యానెళ్ళు పెట్టించారు. ప్యానెళ్ళ కరెంటుని ఇంటికి పనికొచ్చే కరెంటుగా మార్చే డబ్బా ఒకటి మెట్ల కింద గోడకి బిగించారు. పగలు మనం వాడుకోగా మిగిలిన కరెంటు వీధి లైనులోకి పోతుంది, పొద్దుగుంకాక లైను నుంచి మనకొస్తుంది. బిల్లు నిజంగానే తగ్గింది. అంతవరకూ ఆగితే ఈ కథ ఉండేది కాదు. ఆయన వైజాగ్‌లో ఉన్న చెల్లెలు ప్రమోదినికి ఫోన్ చేసి, "ఇంక మనింట్లో కరెంటు పోదమ్మా. ఎండ ఉన్నంతకాలం కరెంటే," అని మాటిచ్చేశారు.

అక్కడితోనూ ఆగలేదు. తిత్లీ తుఫానుకి ఊరు ఊరంతా రోజుల తరబడి చీకట్లో మగ్గాక భయపడి కొన్న ఇన్వర్టరూ బ్యాటరీ మా ఇంట్లో ఉండేవి. బ్యాటరీ ముసలిదైపోయినా, కరెంటు పోతే ఓ గంట సేపు అత్తమ్మ గదిలో లైటు వెలిగించేది. "సోలార్ వచ్చాక ఇది దండగ," అని రెండూ వీధి చివరి బాప్టిస్టు చర్చికి ఇచ్చేశారు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు మైకులో మాస్టారి పేరు చెప్పి కృతజ్ఞతలు తెలిపారు. మా ఆయన ఆ వేళ మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

ఏప్రిల్‌లో మొదటి కరెంటు కోత పడింది. మధ్యాహ్నం పన్నెండు. ఎండ ఎలా ఉందంటే, డాబా మీద ప్యానెళ్ళ వంక చూస్తే కళ్ళు చెదురుతున్నాయి. ఇంట్లో ఒక్క బల్బూ వెలగలేదు. ఆయన మెట్ల కింద డబ్బా ముందు నిలబడ్డారు. అందులో చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది.

"కొత్తది కదా. అలవాటు పడాలి," అన్నారు.

రెండో కోతకి ప్యానెళ్ళ మీద దుమ్ముందన్నారు. డాబా ఎక్కి, లుంగీ ఎగ్గట్టి, నేను దాచుకున్న మెత్తటి తువ్వాలుతో ఆరింటినీ తుడిచారు. మూడో కోతకి మబ్బు వేసిందన్నారు. నేను బయటికొచ్చి ఆకాశమంతా వెతికాను. మబ్బు నాకు కనబడలేదు. నా చూపు మందగించి ఉండొచ్చు.

ఒకరోజు ఆయన బడికి వెళ్ళాక, మిక్సీ బాగుచెయ్యాలనే వంకతో సామ్యేలుని పిలిచాను. సామ్యేలు మా ఊరి ఎలక్ట్రీషియను. మా ఆయన దగ్గరే చదివాడు. పదో తరగతిలో విద్యుత్తు పాఠం అప్పజెప్పలేక నెల్లాళ్ళు బెంచీ ఎక్కి నిలబడినవాడు. మిక్సీని చూసి, "దీనికేటీ అవలేదు మేడమ్," అన్నాడు.

"తెలుసు. ఆ డబ్బా చూడు."

చూసి నవ్వాడు. "దీనికీ ఏటీ అవలేదు. లైన్లో కరెంటు పోతే ఇది తనంతట తానే మూసుకుంటాది. అలగే సేసినారు దాన్ని."

"ఎండ ఉన్నా?"

"ఎంత ఎండున్నా. కరెంటు తీసినప్పుడు లైనుమేను స్తంభమెక్కి పని సేత్తంటాడు కదా. మీ డాబా మీంచి కరెంటు తీగలోకి ఎల్లిపోతే ఆడి గతేటి?"

మంచం మీదినుంచి అత్తమ్మ వింటోంది. "తుఫానప్పుడు ఎక్కడెక్కడి జిల్లాలనుంచో వొచ్చి, మన సావిట్లో పడుకొని స్తంభాలెత్తినారు గదరా ఆ పిల్లలు. ఆకలికి పొట్టలు పట్టుకొని గంజి తాగినారు," అంది. "అయితే ఇది మంచి డబ్బాయే. మన సంచి కోసం ఆల పేణం తీత్తామేటి," అని అటు తిరిగి పడుకుంది.

మా ఆయనకి నేను ఏమీ చెప్పలేదు. కోత పడినప్పుడల్లా వంటింట్లోంచి, "ఏవండీ, బయట ఎండ ఉందా?" అని మాత్రం అడిగేదాన్ని. అంతకన్నా ఒక్క ముక్క అనలేదని ఆ దేవుడి ముందైనా చెబుతాను.

జులైలో ఒకరోజు ఈదురుగాలికి లైను మీద కొమ్మలు పడ్డాయి. పొద్దున పోయిన కరెంటు ఎంతకీ రాలేదు. మధ్యాహ్నం సంచి మార్చే వేళ దాటిపోతోంది. పరుపు చల్లగా ఉంది. "ఎంతసేపని సూత్తాం. చల్లదే పెట్టీ అమ్మీ," అంది అత్తమ్మ. తలుపులు మూశాం. నేను మాస్కు కట్టుకుని సెల్‌ఫోన్ టార్చి పట్టుకున్నాను. చల్లటి నీళ్ళు లోపలికి దిగుతుంటే ఆవిడ మంచంకోడు పట్టుకుని వణికింది. నా చెయ్యి వణికి వెలుతురు గోడమీద ఊగుతుంటే, "టార్చి తిన్నగా పట్టుకో. ఒణుకు నాకా నీకా?" అంది.

సరిగ్గా అప్పుడే నా చేతిలోని ఫోన్ మోగింది. ప్రమోదిని. మోచేత్తో నొక్కానో ఏమో, స్పీకరు పడింది.

"వొదినా, అమ్మేటి సేత్తంది?"

"సంచి మార్చుకుంటోంది."

"పళ్ళు కొట్టుకుంటన్నట్టు వినపడతంది. అమ్మా, ఏటయింది?"

అత్తమ్మ అబద్ధం ఆడాలనే చూసింది. వణికే నోటితో అబద్ధాలు పొసగవు. ప్రమోదిని అంతా రాబట్టింది. ఏడ్చింది. తర్వాత, "ఆదివారం వొత్తాను. అమ్మని నాతో తీసుకెల్పోతాను. మా అపార్టుమెంటుకి జనరేటరుంది," అని పెట్టేసింది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది, జవాబు చెప్పుకోవచ్చు.

ఆ సాయంత్రం అత్తమ్మ కర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. తుఫానుకి మా కొబ్బరిచెట్లు పదకొండు కూలిపోతే, మరుసటేడు తన చేత్తోనే తొమ్మిది మొక్కలు పాతింది. ఈ ఏడే మూడింటికి మొదటి గెలలు వచ్చాయి. ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, మొదలు మీద చెయ్యి వేసి చూసుకుంది, బిడ్డ ఒళ్ళు కాలుతోందా అని చూసినట్టు. తిరిగొచ్చి, "కూతురు పిలిస్తే ఎల్లనంటే బాగోదు," అంది. అంతే.

ఆయన అరుగు మీదే ఉన్నారు. విన్నారు. ఆ రాత్రి అన్నం సగంలోనే లేచారు.

మర్నాడు తెలిసింది, ఆయన అంతకుముందే సోలార్ కంపెనీవాళ్ళని అడిగారట. ఉన్న డబ్బా తీసేసి కొత్త రకం డబ్బా, దానికి లిథియం బ్యాటరీ పెడితే కరెంటు పోయినా ప్యానెళ్ళు పని చేస్తాయి. కానీ ప్యానెళ్ళకి అయినంతా మళ్ళీ పెట్టాలి. అమ్మాయి ఫీజు కట్టిన నెల అది. అందుకని ఆయన స్వయంగా ఒక సిద్ధాంతం కనిపెట్టారు. శనివారం బడికి సెలవు. సామ్యేలుని ఆయనే పిలిపించారు, నేను పిలిస్తే మిక్సీ కోసం వచ్చేవాడు కదా.

"సూడు సామ్యేలూ. ఒక చిన్న బ్యాటరీ ఇన్వర్టరు కొని దాని కరెంటు ఈ డబ్బాకి సూపిత్తాం. లైన్లో కరెంటుందనుకొని డబ్బా పని సేసేత్తాది. ఎలగుంది?"

సామ్యేలు బుర్ర గోక్కున్నాడు. "ఒద్దు మేస్టారూ. ప్యానెళ్ళలోంచి అంత కరెంటు దానిమీదకి ఎనక్కి ఎగబడిపోతాది. చిన్న ఇన్వర్టరు కాలిపోద్ది. వైరింగులో ఎక్కడేనా కలిసిందంటే వీధి లైనులోకీ ఎల్లిపోద్ది."

"పాఠం నాకు సెప్తన్నావా?"

"బెంచీ ఎక్కి సెప్పమంటారేటి?"

నేను వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేసుకున్నాను. నవ్వు వినపడకుండా.

సామ్యేలు చెప్పిన ఉపాయం సులువుగా ఉంది. సోలార్ డబ్బా జోలికే పోవద్దు. మామూలు ఇన్వర్టరు ఒకటి, కొత్త బ్యాటరీ ఒకటి. దాన్నుంచి వేరే వైరు, కరెంటు తిరిగెళ్ళే న్యూట్రలు తీగ కూడా వేరే. రెండు మూడు పాయింట్లకి మాత్రమే. పగలు ఇంట్లో నడిచేది ఎలాగూ ఎండ కరెంటే కాబట్టి బ్యాటరీ దాంతోనే నిండుతుంది. కరెంటు పోగానే ఆ రెండు మూడు పాయింట్లూ బ్యాటరీ మీదికి మారతాయి. మిగిలిన ఇల్లు ఊరితోపాటు చీకట్లో ఉంటుంది.

"ఇన్వర్టరు కొనక్కర్లేదు కూడాని," అన్నాడు సామ్యేలు, ఆయన వైపు చూడకుండా. "మీరు సర్చికి ఇచ్చింది బాగానే ఉంది. బ్యాటరీయే సచ్చిపోయింది. మేం మైకుసెట్టుకి పెద్దది కొనుక్కున్నాం. మీది బీరువా మీద ఊరికే ఉంది."

"ఇచ్చిన వస్తువు ఎనక్కి అడగను," అన్నారు ఆయన. "మైకులో పేరు సదివినారు."

"ఇచ్చింది మీరు. అడిగేది నేను," అని చెప్పులు వేసుకున్నాను.

సామ్యేలు భార్య భాగ్యమ్మ చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. నేను విషయం ఎత్తుకునేలోపే కొంగు బిగించింది. "రోజూ పార్దనలో సన్యాసమ్మత్త పేరు సెప్పుకుంతన్నాం అక్కా. నోటితో అడిగి సేత్తో ఇవ్వకపోతే పెబువు నవ్వడేటి?" అని బీరువా మీంచి తనే దించి, దుమ్ము దులిపి, నెత్తిన పెట్టుకుని మా ఇంటికి నడిచింది. వీధి వీధంతా చూసింది. మా ఆయన ఆ పది నిమిషాలూ పెరట్లో కొబ్బరిచెట్లని పరీక్షగా చూశారు.

బ్యాటరీ కాశీబుగ్గ నుంచి ఆటోలో వచ్చింది. సామ్యేలు వైరు చుట్ట విప్పి, "ఏ పాయింట్లకి ఇమ్మంటారు? మూడు సెప్పండి," అన్నాడు.

"టీవీ, ఫ్రిజ్జు, మోటారు," అన్నారు ఆయన.

"మోటారు తిప్పితే బ్యాటరీ ఒక్క గుక్కలో అయిపోద్ది మేస్టారూ. సంచి సంగతి సూడండి."

ఆయన గొంతు తగ్గించి, "అమ్మని అడుగు," అన్నారు.

అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుంది. వేళ్ళు మడిచింది. "ఈ గదిలో లైటు. పరుపు పెట్టే పలగ్గు." మూడో వేలు పట్టుకుని ఆగింది. "వొంటింట్లో ఫ్యాను."

"వంటింట్లో ఫ్యాను లేదు కదత్తమ్మా," అన్నాను.

"నేదనే కదా సెప్తన్నాను. ఇరవై నాలుగేళ్ళనుంచి ఆ సెగలో ఉడుకుతన్నావు. నాను ఊరెల్లినా ఉండినా, అదొకటి ఉండనీ."

"ఫ్యాను గాలికి గ్యాసు ఆరిపోద్దమ్మా," అన్నారు భౌతికశాస్త్రం మాస్టారు.

"పొయ్యికేసి కాదు నాయినా. దాని మొకానికేసి తిప్పించు."

ఆ పూట నేను ఉల్లిపాయలు తరగలేదు. కళ్ళు మండడానికి ఇంకో కారణం వెతుక్కోవలసి వచ్చింది.

చీకటిపడేలోగా పని అయిపోయింది. గోడకి ఒక చిన్న ఫ్యాను, పాతదే, సామ్యేలు తన ఇంటినుంచి తెచ్చాడు. మెయిన్ స్విచ్చి దించి చూపించాడు. ఇల్లంతా ఆగిపోయింది. అత్తమ్మ గదిలో లైటు వెలుగుతూనే ఉంది. పరుపు అంచున ఎర్ర చుక్క వెలిగింది. "మీ వాడకానికి నాలుగ్గంటలు దర్జాగా వొత్తాది. నెలకోపాలి బ్యాటరీలో నీళ్ళు సూసుకోండి. మర్సిపోతే మల్లీ సచ్చిపోద్ది," అని చెప్పి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆదివారం, అతను పని ముట్టడు.

ఆదివారం కొమ్మలు కొట్టే పని ఉందని, పదింటినుంచి రెండింటిదాకా కరెంటు ఉండదని ముందురోజే ఊరి వాట్సాప్‌లో వచ్చింది. మా ఆయన ఆ మెసేజిని నాలుగైదుసార్లు చదివారు. ప్రమోదిని పదకొండింటికి పలాసనుంచి ఆటోలో దిగింది. ఒక చేతిలో సపోటాపళ్ళ సంచి, ఇంకో చేతిలో ఖాళీ సూట్‌కేసు. ఆ సూట్‌కేసుని ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. మంచం కిందకి తోశాను. అత్తమ్మ దానివైపు చూడలేదు.

పన్నెండయింది. అత్తమ్మ చేతులు కడుక్కుంది. తోడు వస్తానంటే నన్నూ కూతుర్నీ బయటే ఉండమంది. "నా పని నాకు తెలుసు," అని తలుపు వేసుకుంది. తలుపు కింది సందులోంచి తెల్లటి వెలుతురు గీతలా పడింది. ప్రమోదిని ఆ గీతనే చూస్తూ నిలబడింది. వీధిలో జనం అరుగుల మీదికొచ్చి విసనకర్రలు ఊపుకుంటున్నారు. వంటింట్లో నా ఫ్యాను తిరుగుతోంది. వీధి చివర చర్చిలో పాటలు మొదలయ్యాయి.

"కరెంటు తీసినారన్నావు కదొదినా?"

"తీశారు."

ప్రమోదిని వాకిట్లోకి వెళ్ళి, చెయ్యి అడ్డం పెట్టుకుని డాబా మీది ప్యానెళ్ళ వంక చూసింది. తిరిగొచ్చేసరికి మొహం మారిపోయింది. అన్నగారి చెయ్యి పట్టుకుంది.

"నువ్వే గెలిసినావు అన్నియ్యా. సోలారుంటే కరెంటు పోదని నువ్వు సెప్తే నాను నమ్మలేదు. ఆ దినం ఏటో అయ్యుంటాది. నిన్ను ఊరికే అనేసినాను."

నేను గుమ్మానికి ఆనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళలో ఇంత సులువైన బంతి ఆయనకి ఎవరూ వేయలేదు. అలవాటు కొద్దీ ఛాతీ కొంచెం పొంగింది కూడా. అవునంటే చాలు. సూట్‌కేసు ఖాళీగానే వెళ్ళిపోతుంది.

ఆయన నావైపు చూశారు. "బయట ఎండ ఉందా?" అని నేను అడగలేదు. మెట్ల కింది డబ్బాని చూశారు. ఎర్ర దీపం, నిద్రపోతోంది. పక్కనే బ్యాటరీ, భాగ్యమ్మ నెత్తిన మోసుకొచ్చిన ఇన్వర్టరు. తర్వాత ఆ తలుపు కింది వెలుతురు గీత.

"కాదమ్మడూ," అన్నారు. చెల్లెలి చెయ్యి విడిపించుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టారు. "అది సోలార్ కాదు. సోలార్ ఇప్పుడు పన్చెయ్యట్లేదు. ఈ లైటు బ్యాటరీది. సామ్యేలు పెట్టినాడు. నాలుగ్గంటలే వొత్తాది. నెలనెలా నీళ్ళు పొయ్యాల, నానే పోత్తాను, నువ్వు ఫోన్ సేసి అడుగు. అమ్మని ఉంచుతావో తీసుకెల్తావో అది తెలుసుకొని సెప్పు." మెట్ల కింది డబ్బా వైపు చెయ్యి చూపించారు. "నాను నీకు సెప్పింది తప్పు."

ఆఖరి మాట చాలా మెల్లిగా వచ్చింది.

మూసిన తలుపు వెనకనుంచి, మాస్కులోంచి, అత్తమ్మ గొంతు వినిపించింది. "ఏటన్నావు నాయినా? తలుపేసుంది. గట్టిగా సెప్పు."

చర్చి మైకు అప్పుడే పాట ముగించింది. వీధంతా నిశ్శబ్దంగా ఉంది. అరుగుల మీద విసనకర్రలు కూడా ఆగినట్టే ఉన్నాయి.

"తప్పమ్మా!" అన్నారు మా ఆయన, క్లాసులో ఆఖరి బెంచీకి వినపడేలా. "నాదే తప్పు!"